ఇంటర్ సెకండియర్‌లో చదవాలనిపించడం లేదంటే, ముందు ఎక్కడ తెగిందో చూడు

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌లో ఎంపీసీ సెకండియర్ చదువుతున్నానని రాశావు. దసరా సెలవుల దాకా బాగానే ఉండి, ఇప్పుడు పుస్తకం పడితే పది నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నానని, మార్చి దాకా మోటివేషన్ ఎలా నిలుపుకోవాలని అడిగావు. పొద్దున చూసిన మోటివేషన్ వీడియో ఊపు సాయంత్రానికే పోతోందని కూడా అన్నావు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది. అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర ఊరు. ఇంట్లో మగ్గం. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్‌కు నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిష్ మీడియంలో చేర్పించారు. రోజూ బస్సులో పోయి రావడమే. నేను సెకండియర్ పరీక్షలు రాసింది 2015 మార్చిలో. రాష్ట్రం వచ్చాక తెలంగాణ బోర్డు పెట్టిన మొదటి పరీక్షలు అవే.

ఫస్టియర్‌లో మ్యాథ్స్ వన్ బీలో నాకు 75కు 19 వచ్చాయి. పాస్ కావాలంటే 26 కావాలి. సప్లిమెంటరీలో కూడా పోయింది. మార్చిలో సెకండియర్ పేపర్లతో పాటు రాసేస్తానని ఇంట్లో సర్దిచెప్పాను. ఆ తర్వాత వన్ బీ పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశాను. కళ్లముందు లేకపోతే మనసు కుదురుగా ఉంటుందనుకున్నాను.

దసరా తర్వాత సెకండియర్ మ్యాథ్స్ టూ బీలో ఇంటిగ్రేషన్ మొదలైంది. సార్ బోర్డు మీద మొదటి లైను రాసి, డెరివేటివ్స్ మీకు ఫస్టియర్‌లో అయిపోయినవే కదా అన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను, కానీ అవి నేను తప్పిన వన్ బీలోవే. ఆ రోజు నుంచి లెక్కల పీరియడ్ అంటే కడుపులో తిప్పేది. పదిహేను రోజుల్లో అది ఫిజిక్స్‌కు పాకింది, తర్వాత కాలేజీ మొత్తానికే పాకింది. పొద్దున ఐదింటికి లేచి కొత్త టైంటేబుల్ గీసుకునేదాన్ని, ఆ గీసిన రోజు చదివేసినంత తృప్తిగా ఉండేది. నవంబరు ఒక్క నెలలో నాలుగు టైంటేబుళ్లు గీశాను. ఇంట్లో వాళ్లు బద్ధకం అన్నారు, నేనూ బద్ధకమే అనుకున్నాను. అది భయమని చాలా రోజులు తెలియలేదు.

ఈ సమయంలో అందరూ చెప్పే మాట ఒకటుంది: అమ్మానాన్నల కష్టం గుర్తుచేసుకుని చదువు అని. ఎవరూ చెడు ఉద్దేశంతో అనరు. కానీ నా విషయంలో అది మేలు చేయలేదు. మా దగ్గర నేసే చీరలకు ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. తన తల్లి పడే ఈ బాధ చూడలేకనే చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేదాకా అమ్మ చేత్తోనే పోసింది. రాత్రి పడుకుంటే కుడి భుజం కింద దిండు పెట్టుకునేది. పుస్తకం ముందు కూర్చుని ఆ భుజాన్ని తలుచుకుంటే నాకు ఏడుపు వచ్చేది, లెక్క మాత్రం వచ్చేది కాదు. ఏడ్చాక ఇంకా నీరసం. కాబట్టి ఆ దారిలో నిన్ను నువ్వు కొట్టుకోకు.

మా పెద్దమ్మ కొడుకు అప్పుడు నల్లగొండలో బీఎస్సీ చదివేవాడు. ఒక ఆదివారం ఇంటికొచ్చి, ఏం చదువుతున్నావని అడగకుండా కాగితం ముందు పెట్టాడు. సైన్ ఎక్స్‌ను డిఫరెన్షియేట్ చేస్తే ఏమొస్తుంది అన్నాడు. కాస్ ఎక్స్ అన్నాను. సైన్ టూ ఎక్స్ అయితే? కాస్ టూ ఎక్స్ అన్నాను. ‘మరి ఆ రెండు ఎటు పోయింది?’ అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. లోపల ఉన్న టూ ఎక్స్‌ను కూడా డిఫరెన్షియేట్ చేసి ఆ 2తో గుణించాలని, దాన్నే చైన్ రూల్ అంటారని ఏడాదిన్నర కాలేజీకి పోయినా నాకు నిజంగా తెలియదు. అది తెలియకపోతే కాస్ టూ ఎక్స్ ఇంటిగ్రేషన్‌లో సైన్ టూ ఎక్స్ కింద 2 ఎందుకొస్తుందో తెలియదు. అంటే టూ బీలో సగం పుస్తకం నాకు మూసేసిన తలుపు. మగ్గం మీద పోగు తెగితే నాయిన నేత ఆపి, అతికాకే ముందుకు నేస్తాడు. నేను తెగినదాన్ని తెగినట్టే వదిలి నెలలుగా కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె తెరిచాను. 11 రోజులు వన్ బీలో డిఫరెన్షియేషన్ ఒక్కటే చేశాను. కాలేజీలో జరిగే పాఠం వెనకబడుతుందని టెన్షన్ ఉండేది, అయినా ఆపలేదు. పన్నెండో రోజు ఇంటిగ్రేషన్‌లో ఒక లెక్క ఎవరి సాయం లేకుండా వచ్చింది. ఆ రాత్రి పదకొండు దాకా లేవకుండా కూర్చున్నాను. ఏ వీడియో చూడలేదు, ఎవరూ చెప్పలేదు.

ఫిజిక్స్‌లో తెగింది భాష దగ్గర. రిఫ్రాక్షన్ అంటే హైస్కూల్లో చదువుకున్న వక్రీభవనమేనని, టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ అంటే సంపూర్ణాంతర పరావర్తనమేనని తెలిసినప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. సీనియర్ దగ్గర తెలుగు అకాడమీ తెలుగు మీడియం పుస్తకం తెచ్చుకుని, ముందు అందులో చదివి తర్వాత ఇంగ్లిష్‌లో చదివేదాన్ని. నువ్వూ తెలుగు మీడియం నుంచి వచ్చినవాడివైతే ఈ పని రేపే చెయ్యి, ఇందులో సిగ్గేమీ లేదు.

అన్ని రోజులూ బాగా సాగలేదు. జనవరిలో సంక్రాంతి తర్వాత మళ్లీ ఒక వారం ఏమీ పట్టలేదు. అలాంటి రోజుకు ఒక చిన్న పని పెట్టుకున్నాను: వృత్తాల పాఠంలో ఏడు మార్కుల లెక్క ఒకటి, మూడు బిందువుల గుండా పోయే వృత్తం సమీకరణం లాంటిది, చూడకుండా రాసి పడుకోవడం. కొత్తగా ఆలోచించే పని లేదు, చేయి ఆడితే చాలు. నాయిన చీర డిజైన్లు గీసుకునే గ్రాఫ్ పేపర్లలో పాతది ఒకటి గోడకు అంటించి, లెక్కకొక గడి ఎర్ర పెన్నుతో నింపేదాన్ని. ఖాళీగా వదిలిన రోజుల గడులు కూడా అలాగే కనిపించేవి. అది అమ్మకూ కనిపించేది. ఒకసారి మూడు రోజులు వరసగా తెల్లగా ఉంటే, ‘ఏమైంది బిడ్డా, పానం బాగలేదా?’ అని అడిగింది. మార్కులు అడగకుండా అలా అడగడం నాకు చాలా సాయపడింది.

ఫలితం కూడా చెప్పాలి కదా. వన్ బీ 58తో పాసయ్యాను, టూ ఏ, టూ బీ బాగానే వచ్చాయి. ఎంసెట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు, ఇంజినీరింగ్ వదిలేశాను. బీఎస్సీ, బీఈడీ చేసి 2024 డీఎస్సీలో వచ్చి ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పిల్లల్లో ఎవరైనా వెనక బెంచీకి జరిగితే ముందు కింది తరగతి లెక్క ఒకటి ఇచ్చి చూస్తాను. ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇప్పుడు ఎప్‌సెట్‌గా పేరు మారిన ఆ పరీక్షకు అది లేదని, ఇంటర్ పేపర్లు ఎలా రాసినా ఫర్వాలేదని నీ చుట్టూ కొందరు అంటుంటారు. వినకు. రెండింటికీ పాఠాలు అవే, పాస్ కాకపోతే ర్యాంకు వచ్చినా సీటు రాదు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీలో చెరో 30 మార్కులున్నాయి. రికార్డులు ఇప్పుడే పూర్తిచేసుకో. ఫోన్ రాత్రి తొమ్మిదికి అమ్మ చేతికిచ్చెయ్యి, పక్కన పెట్టుకుని నిగ్రహించుకోవడం ఎవరికైనా కష్టమే.

ఒక్క మాట. చదవాలనిపించకపోవడం దాటి, తిండి, నిద్ర కూడా పోయి, ఎందుకు బతకాలన్న ఆలోచన వస్తోందంటే అది చదువు సమస్య కాదు. వెంటనే ఇంట్లో చెప్పు, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ తీసుకోరు.

ఇప్పుడు ఫస్టియర్ పుస్తకాలు నాలుగూ తీసి, ప్రతి పాఠం మొదటి ఉదాహరణ లెక్క చూడకుండా చేసి చూడు. చేయి ఎక్కడ ఆగిందో ఆ పాఠం పేరును ఈ జవాబు కింద రాయి. సాయంత్రం బడి నుంచి వచ్చాక చూసి, దాన్ని ఏ వరసలో చేయాలో చెబుతాను.