గుచ్ఛం దొరికింది, గెలాక్సీ ఏదీ?

ప్రశ్న: 10 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌లో (ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ.) ఎన్‌జీసీ 1049 గోళాకార తారాగుచ్ఛం కనిపించింది. అది ఉన్న ఫోర్నాక్స్ మరుగుజ్జు గెలాక్సీ జాడే లేదు. గుచ్ఛం మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 13కి దగ్గర, గెలాక్సీది 9 అంటున్నారు. ఎక్కువ వెలుగున్నదే కనబడకపోవడమేంటండీ?

జవాబు: ఆ 9 అనేది గెలాక్సీ వెలుగంతా ఒక్క చుక్కలోకి కూడితే వచ్చే లెక్క. నిజానికి ఆ వెలుగు అర డిగ్రీకి పైనే పరుచుకుని ఉంది. గుచ్ఛం మాత్రం ఒక ఆర్క్‌నిమిషంలో (డిగ్రీలో అరవయ్యో వంతు) ఇమిడిపోతుంది. అందుకే జాన్ హెర్షెల్ గుచ్ఛాన్ని 1835లోనే చూశాడు. గెలాక్సీ సంగతి 1938లో హార్లో షాప్లీ బయటపెట్టేదాకా తెలియలేదు.

మీరు 200 రెట్ల దగ్గర వెతికి ఉంటారు. ఆ పవర్‌లో గెలాక్సీ ఫీల్డంతా నిండిపోతుంది, పోల్చుకోవడానికి పక్కన నల్లటి ఆకాశం మిగలదు. 30 మి.మీ. వైడ్ ఫీల్డ్ ఐపీస్ పెట్టండి: 40 రెట్లు, ఎగ్జిట్ ప్యూపిల్ (ఐపీస్ నుంచి కంటిలోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు) 6.3 మి.మీ. కంటిపాప అంత విచ్చుకోనివారికి 25 మి.మీ. ఐపీస్ నయం. లామ్డా 1, లామ్డా 2 ఫోర్నాసిస్ నక్షత్రాలను కలిపే గీతను తూర్పుకు ఇంకో 0.6 డిగ్రీ పొడిగిస్తే గెలాక్సీ నడిమధ్యకు చేరతారు. అక్కడే ఆగి చూస్తే ఏమీ తెలియదు. ట్యూబును ఒక డిగ్రీ మేర మెల్లగా అటూ ఇటూ జరపండి. నేపథ్యం కాస్త తెలుపెక్కి మళ్లీ నల్లబడుతుంది, ఆ మారే చోటే అంచు. చూపు పక్కకు పెట్టాలి: కుడి కన్నైతే కుడివైపుకి, అప్పుడు గెలాక్సీ ముక్కువైపు పడి బ్లైండ్ స్పాట్ (కంటిలో చూపు లేని చోటు) తప్పుతుంది. తలమీద నల్లగుడ్డ మంచిదే గానీ, దాని కింద ఊపిరి తగిలి ఐపీస్ మసకబారితే ముందు మాయమయ్యేది ఈ గెలాక్సీయే.

గెలాక్సీ డెక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖ నుంచి దూరం, డిగ్రీల్లో) −34 కాబట్టి ఉత్తరార్ధగోళంలో 56 లోంచి మీ అక్షాంశం తీసేస్తే వచ్చేదే దాని గరిష్ఠ ఎత్తు. నవంబరు మొదటివారంలో అర్ధరాత్రికి ఆ ఎత్తుకు వస్తుంది. దక్షిణ దిక్కున ఊరి వెలుగుంటే ఆశ వదులుకోండి.

ప్రశ్న: మిగతా గుచ్ఛాలు కూడా దొరుకుతాయా? నెబ్యులా ఫిల్టర్ పనికొస్తుందా?

జవాబు: ఫోర్నాక్స్ 2, 4, 5 అనే గుచ్ఛాలు మాగ్నిట్యూడ్ 13.5 ప్రాంతం. మంచి చీకట్లో 6 మి.మీ. ఐపీస్‌తో ప్రయత్నించవచ్చు. ఫోర్నాక్స్ 4 అనేది గెలాక్సీ మధ్యకు దగ్గర్లోనే ఉంటుంది, చార్టు లేకపోతే మామూలు నక్షత్రమనుకుని దాటేస్తారు. ఫోర్నాక్స్ 1 మాగ్నిట్యూడ్ 15 దాటింది, 10 అంగుళాలకు అందదు. ఫిల్టర్ వద్దు. ఇది నక్షత్రాల వెలుగు, అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఫిల్టర్ ఆకాశంతోపాటు దాన్నీ కోసేస్తుంది.

ప్రశ్న: ఫొటోలో గుచ్ఛాలు వచ్చాయి, గెలాక్సీ రాలేదు. ఎందుకు?

జవాబు: బ్యాక్‌గ్రౌండ్ గ్రేడియంట్ (ఫొటోలో ఆకాశపు వెలుగు మెల్లగా మారే తేడా) తీసే సాఫ్ట్‌వేర్ దాన్నీ గ్రేడియంటనుకుని తుడిచేసి ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ నేపథ్యాన్ని కొలిచే శాంపుల్ పాయింట్లను గెలాక్సీకి బాగా దూరంగా పెట్టి మళ్లీ ప్రాసెస్ చేయండి. ఫ్లాట్ ఫ్రేములు (సమానంగా వెలిగే తలాన్ని తీసిన సరిదిద్దే ఫొటోలు) లేకపోతే మాత్రం, మధ్యలో కనిపించే వెలుగు గెలాక్సీదో లెన్సు విన్యెటింగో (అంచులు చీకటిపడటం) తేల్చలేరు.