టెస్టింగ్ ఉద్యోగమంటే మన పిల్లలకు ఎందుకంత చిన్నచూపు?

ఒడిశాలోని గుణుపూర్ వైపు ఇంజనీరింగ్ పిల్లలు టెస్టింగ్ ఉద్యోగమంటే, అంటే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి తప్పులు పట్టే పనంటే, ముఖం ఎందుకు చిట్లిస్తారని ఒకరు నన్ను అడిగారు. ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి వెళ్లి పద్నాలుగేళ్లుగా అదే పని చేస్తున్నదాన్ని కాబట్టి నేను చెప్పవలసిందే. తప్పు పిల్లలది సగమే. కాలేజీలో ఆ పాఠం సెమిస్టర్ చివర వస్తుంది. అప్పటికి మాస్టారికి సిలబస్ ముగించే తొందర. కోడింగ్ రానివాళ్లే అందులోకి వెళ్తారని సీనియర్ల ప్రచారం ఒకటి. ఆ సీనియర్లలో సగం మంది రాసిన కోడ్ నేను చూశాను, ఆ సంగతి ఇప్పుడు వద్దు.

నేనూ ఏడుస్తూనే చేరాను. మూడో నెలలో బ్యాంకు ఖాతా దరఖాస్తు ఫారం ఒకటి పరీక్షించమన్నారు. ఏ పేరు కొట్టాలో తోచక నా పేరే కొట్టాను. మా బడి గుమాస్తా పుణ్యమా అని సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ‘పి’. కనీసం రెండు అక్షరాలు ఉండాలంటూ ఫారం ఎర్రబడింది. అది ఫారంలోని తప్పేనని నమోదు చేశాను. ఆ ఫారానికి కోడ్ రాసిన డెవలపర్ నా కుర్చీ దగ్గరకే వచ్చి, “ఒక్క అక్షరం ఇంటిపేరు ఎవరికి ఉంటుందండీ?” అన్నాడు. సంచిలోంచి పదో తరగతి సర్టిఫికెట్ నకలు తీసి అతని ముందు పెట్టాను. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“మీ ఊళ్లో అందరికీ ఇంతేనా?”

“మా తరగతిలో సగం మందికి.”

సాయంత్రానికల్లా సరిచేశాడు.

పేరుకు 2 నుంచి 40 అక్షరాల దాకా హద్దు పెడితే 1, 2, 40, 41 అక్షరాల పేర్లు కొట్టి చూడాలన్నది టెస్టర్ నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి. తప్పులు హద్దుల దగ్గరే దాక్కుంటాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశా వైపు, పాతపట్నం ఆంధ్ర వైపు పడ్డాయి. ఆ గీత మీద పెరిగినవాళ్లకు ఈ పాఠం వేరే చెప్పాలా? మనవాళ్లు ఈ పనికి పుట్టినవాళ్లని నా గట్టి నమ్మకం.

మొన్న పండక్కి మా మేనల్లుడికి ఏరియన్-5 అనే ఐరోపా రాకెట్ కథ చెప్పాను. పాత ఏరియన్-4లో చక్కగా నడిచిన కోడ్‌నే కొత్త రాకెట్ వేగానికి పరీక్షించకుండా పెట్టారు. 64 బిట్ల చోటులో ఉన్న సంఖ్య 16 బిట్ల చిన్న చోటులో పట్టలేదు. 1996 జూన్ 4న ఎగిరిన నిమిషంలోపే రాకెట్ పేలిపోయింది. వాడు అంతా శ్రద్ధగా విని, “అత్తా, నీ పెళ్లి సంబంధాలప్పుడు తాతయ్య నీ ఉద్యోగం ఏమని చెప్పాడు?” అన్నాడు.

కంప్యూటర్ ఉద్యోగమని చెప్పాడు. ఇప్పటికీ అంతే చెబుతాడు.