ఏ గొడ్డలి ఏ పనికి?

బిడ్డా,

ములుగు దగ్గరి మన చేనులో గాలికి పడ్డ తుమ్మచెట్టును నువ్వే కొట్టుకుంటానన్నావు, సంతోషం. ఏ గొడ్డలి కొనాలని అడిగావు కదా, ముందు నీ పనేంటో తేల్చుకో. కట్టెను అడ్డంగా నరకడం వేరు, నిలువునా చీల్చడం వేరు. దుకాణంలో ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ.

నరికే గొడ్డలికి చెంపలు, అంటే ఇనుము రెండు పక్కలు, సన్నగా ఉండాలి; వాదర, అంటే పదునంచు, పలచగా ఉండాలి. అది నారను తెంపుకుంటూ లోపలికి పోవాలి. ఒక దెబ్బ ఇటు ఏటవాలుగా, ఇంకోటి అటు ఏటవాలుగా వేస్తే మధ్యలోని చెక్క ఎగిరి బయటికొస్తుంది. గాటును మొదటి నుంచే వెడల్పుగా తెరువు. ఇరుకు గాటులో గొడ్డలి ఇరుక్కుంటుంది, దాన్ని ఊడబీకడానికే సగం బలం పోతుంది.

చీల్చే గొడ్డలి దీనికి పూర్తిగా వేరు. చెంపలు లావుగా, బరువు రెండున్నర నుంచి మూడున్నర కిలోల దాకా ఉంటుంది. అక్కడ పదునుకంటే బరువే పని చేస్తుంది. దుంగ నడిమధ్యలో కాదు, పగుళ్లిచ్చిన చోటో అంచునో కొట్టు. జామాయిల్ పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా చీలుతుంది. వేపకు నార మెలితిరిగి ఉంటుంది కాబట్టి ఇనుప చీల (ఒక కొస పలచగా ఉండే ఇనుప దిమ్మ) పెట్టి సమ్మెటతో కొట్టాల్సిందే. సమ్మెట లేదని గొడ్డలి వెనక భాగంతో మాత్రం చీలను కొట్టకు, కామ (కర్ర పిడి) దూర్చే బెజ్జం దగ్గర ఇనుము పగులుతుంది.

కొమ్మలకు, పొయ్యిలో పుల్లలకు చిన్న చేతిగొడ్డలి చాలు. వాదర కామకు అడ్డంగా ఉండే బాడిస వడ్రంగి చెక్కడానికి వాడేది. ఒకవైపే సానపట్టిన వెడల్పు గొడ్డలి దూలాలు చదును చేయడానికి. ఈ రెండూ నీకు అక్కర్లేదు.

ఇనుము కంటే కామను ఎక్కువ చూసి కొను. చిరుమాను చెట్టు కర్రతో చేసింది దొరికితే అంతకన్నా మంచిది లేదు. కామ కొసను కళ్ల దగ్గర పెట్టుకుని చూడు. చెక్క గీతలు వాదర ఉన్న దిక్కుకే సాగాలి. అడ్డంగా ఉంటే గట్టి దెబ్బకు విరుగుతుంది. రంగేసిన కామ వద్దను, గీతలు కనబడవు.

పదును ఆకురాయితో పెట్టి, సానరాయితో ముగించు. గ్రైండర్ మీద పెడితే వాదర వేడెక్కి నీలిరంగుకు తిరుగుతుంది. అలా తిరిగిందంటే కమ్మరి పట్టిన నీరు, అంటే ఇనుముకు ఇచ్చిన గట్టిదనం, పోయినట్టే, ఎంత సానపట్టినా ఆ పదును నిలవదు. డమాస్కస్ కత్తులకు ఉక్కు పంపిన కోనసముద్రం మన నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. అక్కడి కొలిమి పనితనమంతా నిప్పును అదుపులో పెట్టడంలోనే ఉండేది.

నిలబడ్డ చెట్ల జోలికి మాత్రం పోవద్దు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. పని చేసేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు వేసుకో. చుట్టూ పిల్లలు లేకుండా చూసుకో.

కామ వదులైతే కొందరు నీళ్లలో నానబెడతారు. ఉబ్బి బిగిసినట్టే ఉంటుంది, ఆరాక ముందుకంటే వదులవుతుంది. ఆ పూటకు పని ఆపి, కమ్మరి దగ్గర కామ బిగిసేలా దాని కొసలో కొత్త చీల కొట్టించుకో.

మీ పెద్దబాపు