అనంతగిరిలో పిట్టలు చూడ్డానికి ఎన్నింటికి వెళ్లాలి, కెమెరా కొనాలా?

అక్టోబరు మొదటివారంలో అనంతగిరి కొండలకు వెళ్తున్నామని, పిట్టలు చూడ్డం ఇదే మొదటిసారని రాశారు.

నేను మొదటిసారి ఆదివారం ఆరింటికి హైదరాబాద్‌లో బయల్దేరి, దారిలో టిఫిన్ కానిచ్చి, కొండెక్కేసరికి తొమ్మిదయింది. అప్పటికే గుడి దగ్గర కార్లు, స్పీకర్లలో పాటలు. నాలుగు గోరింకల్ని చూసి వచ్చాను. రెండోసారి ముందురోజు రాత్రే వికారాబాద్‌లో పడుకున్నా. అక్టోబరు మొదట్లో తెల్లారేది ఆరు దాటాక, కాబట్టి ఆరింటికల్లా కాలిబాట మొదట్లో ఉండండి. (అందరికన్నా ముందు నడిచేవాళ్ల మొహానికే సాలెగూళ్లన్నీ తగులుతాయి, చెప్పలేదనకండి.)

అసలు చిక్కు ఆకులతో. వానలు వెళ్లిన కొత్తలో అడవి దట్టంగా ఉంటుంది, జనవరిలో కనిపించినంత తేలిగ్గా పిట్ట కనిపించదు. నేను తెగ నడిచేవాణ్ణి, ఏమీ దొరికేది కాదు. ఒకరోజు కాళ్లు నొప్పెట్టి ఓ బండమీద కూలబడ్డా. ఇరవై నిమిషాలు చప్పుడే లేదు. ఉన్నట్టుండి ఎదురుగా ఉన్న చెట్టు నిండా పిట్టలే! ఈ కాలంలో చాలా జాతులు కలిసి ఒకే గుంపుగా తిరుగుతూ పురుగులు ఏరుకుంటాయి. ఒకటి కొమ్మ కదిపితే లేచిన పురుగును ఏట్రింత (డ్రాంగో పిట్ట) గాల్లోనే పట్టేస్తుంది. ఐదు నిమిషాల్లో గుంపు వెళ్లిపోయింది, చెట్టు మళ్లీ ఖాళీ. అందుకే నడక తగ్గించి, చెవులు రిక్కించి కూర్చోండి.

చలికాలం వలసలు కూడా అప్పటికి మొదలవుతాయి. నీళ్ల దగ్గర తోక ఆడిస్తూ తిరిగే, కడుపు పసుపుగా ఉండే గ్రే వాగ్‌టెయిల్ కోసం చూడండి.

కెమెరా ఇప్పుడే వద్దు. 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లుండేది) చాలు. 10x50 బరువు, కొత్తవాళ్ల చేతిలో వణుకుతుంది. కూత గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ బాగానే పనికొస్తుంది గానీ, అది చెప్పిందల్లా నమ్మకండి, పిట్టను కంటితో చూశాకే రాసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో నిద్రపోకుండా పొలాల పక్క కరెంటు తీగలు చూస్తూ రండి. పాలపిట్ట కూర్చున్నంతసేపూ మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితేనే ఆ నీలం. దసరానాడు గుళ్ల దగ్గర దాన్ని పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లుంటారు. పాలపిట్టను పట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.