మా అమ్మాయి ఎం.ఫార్మ్‌లో ఎలుకల మీద ప్రయోగాలు చేయాలట, అది తప్పు కాదా?

మీరు రాసింది చదివాను. అమ్మాయికి ఎం.ఫార్మ్ ఫార్మకాలజీలో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే విభాగంలో, సీటు వచ్చింది, రెండో ఏడాది ఎలుకలకు షుగర్ తెప్పించి ఏదో ఆకు కషాయం ఇచ్చి చూడాలని సీనియర్లు చెప్పారు. మందులు కావాలంటే ఇలాంటివి తప్పవు కదా అని మీరంటున్నారు. "పాపం మూటగట్టుకోవడానికా చదువు" అని ఇంట్లో అమ్మమ్మ గారంటున్నారు.

నేను పశువైద్యుణ్ణి. ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో కొన్నేళ్లు యానిమల్ హౌస్, అంటే ప్రయోగాల జంతువుల్ని ఉంచే చోటు, చూసుకున్నాను. ఆ ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలోనూ ఉన్నాను. మందుల సంగతి వరకు మీ మాట నిజం. మీ అమ్మాయి చేయబోయే ప్రాజెక్టు విషయంలో మాత్రం అమ్మమ్మ గారిదే నిజం.

నేను ప్రయోగాలన్నీ ఆపేయమనే మనిషిని కాను. పొలంలో రక్తపింజరి కరిచినవాణ్ణి ఆసుపత్రిలో బతికించేది గుర్రం రక్తం నుంచి తీసిన యాంటీవెనమ్. ఆ మందు ఎంత విషాన్ని విరుస్తుందో ఇప్పటికీ చిట్టెలుకల మీదే తేలుస్తారు, వాటిలో కొన్ని చస్తాయి. మన దేశంలో పాము కాటుతో ఏటా సగటున 58 వేల మంది పోతున్నారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పనులు చేసుకునేవాళ్లే. ఆ చిట్టెలుకల చావుకి లెక్క చెప్పమంటే నేను చెప్పగలను. ఇన్సులిన్ కూడా అంతే. 1921లో టొరంటోలో కుక్కల మీద మొదలైన పని, 1922 జనవరికల్లా పద్నాలుగేళ్ల కుర్రాడికి సూది మందుగా అందింది.

అంతకంటే మంచి దారి దొరికినప్పుడు జంతువుని వదిలేయడం కూడా ఈ రంగంలో జరిగింది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని మన పెద్దవాళ్లు చెప్పే మందు గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. గొర్రెకి రేబిస్ ఎక్కించి, మెదడు తీసి చేసేవారు. అది వేయించుకున్నవాళ్లలో కొందరికి పక్షవాతం కూడా వచ్చేది. 2004 చివర్లో మన దేశం దాన్ని ఆపేసింది. ఇప్పుడు కణాల మీద పెంచిన వైరస్‌తో చేసిన టీకాలు వాడుతున్నాం, చేతికి నాలుగైదు డోసులతో సరిపోతోంది. అటు గొర్రె బతికింది, ఇటు మనిషికీ మేలైంది.

ఇక ఎం.ఫార్మ్ థీసిస్‌ల దగ్గరికి వద్దాం, నాకు కోపం అక్కడే. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు పొడిస్తే ఎలుక క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు చచ్చిపోతాయి. మూడో రోజు తోక నుంచి చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌తో చూస్తారు. 250 దాటితే ఆ ఎలుకని ప్రాజెక్టులోకి తీసుకుంటారు. అక్కడి నుంచి ఆకు పసరు పోయడం. పొడపత్రి, నేరేడు గింజ, తంగేడు, మారేడు, మెంతులు, కాకర... ఒక కాలేజీలో అయిపోయిన ఆకే పక్క కాలేజీలో మళ్లీ మొదలవుతుంది. ఎక్కువమంది మనుషులకు వచ్చే షుగర్ టైప్ 2. కణాలు చంపి తెప్పించిన షుగర్ వేరే రకం. ఇది గైడ్లకు తెలియని విషయం కాదు. అయినా ఏటేటా అదే ప్రయోగం. నా కళ్ల ముందు జరిగిన థీసిస్‌లలో ఒక్కటీ మందుల షాపు దాకా వెళ్లలేదు, వెళ్తుందని ఎవరూ అనుకోలేదు కూడా.

ఒక ఆదివారం పొద్దున్నే మా అటెండర్ ఫోన్ చేశాడు. "సార్, మూడో ర్యాకులో ఎలుకలు అదోలా ఉన్నాయి, మీరు రావాలి." వెళ్లేసరికి ఒక బోనులో నాలుగు చచ్చి ఉన్నాయి. కింద పరిచిన వరిపొట్టు అంతా చెదిరిపోయి ఉంది, మూర్ఛలో కొట్టుకున్నాయని చూడగానే తెలుస్తుంది. పక్క బోనుల్లోవి కొన్ని పక్కకు పడిపోయి, మెడ వెనక్కి వంచి వణుకుతున్నాయి. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, పలచన చేసి పొట్టలోకి ఎక్కించాను. కొన్ని లేచాయి, కొన్ని నా చేతిలోనే పోయాయి.

ఏం జరిగిందంటే, ఆ స్ట్రెప్టోజోటోసిన్ పొడిచాక కణాలు పగిలి, వాటిలో దాచుకున్న ఇన్సులిన్ అంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. మొదటి రాత్రి ఎలుకకి షుగర్ పెరగదు, ప్రాణం పోయేంతగా పడిపోతుంది. అందుకే ఆ రాత్రి తాగే నీళ్లలో గ్లూకోజ్ కలిపి పెట్టాలి. శనివారం మధ్యాహ్నం ఇంజెక్షన్లు ముగించిన ఆ ప్రాజెక్టు అమ్మాయి సీసాల్లో మామూలు నీళ్లే ఉంచి, చుట్టాలింట్లో నిశ్చితార్థానికి బస్సెక్కింది. తప్పంతా ఆ పిల్ల మీదకు తోసేయలేను. తను చూసి రాసుకున్న సీనియర్ థీసిస్ తెరిచి చూశాను. పద్ధతి అంతా ఉంది, గ్లూకోజ్ నీళ్ల వాక్యమే లేదు. ఒకరిది చూసి ఒకరు రాసుకుంటూ వచ్చిన క్రమంలో ఎక్కడో అది రాలిపోయింది. పక్కన నిలబడి చెప్పాల్సిన గైడ్ ఇంజెక్షన్ల రోజున యానిమల్ హౌస్ మెట్లెక్కలేదు.

సోమవారం ఆయన గదికి వెళ్లాను. "ఇంకో డజను తెప్పిద్దాం సార్, ఎలుకలే కదా" అన్నారు. పోయిన వాటి సంగతి థీసిస్‌లో రాయించండి అన్నాను. "బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ అడుగుతాడు, అమ్మాయికి మార్కులు పోతాయి" అన్నారు. కొత్త ఎలుకలు వచ్చాయి. థీసిస్‌లో గ్రూపుకి ఆరు చొప్పున లెక్క చక్కగా కుదిరింది. నేను నా రిజిస్టర్‌లో చావులన్నీ రాసి కమిటీ ముందు పెట్టాను. నోట్ చేసుకున్నామని చెప్పి తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఆ పిల్ల మాత్రం నా గదికొచ్చి చాలాసేపు ఏడ్చింది. చదువు చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే ఆ భారం మోసేది ఇరవై రెండేళ్ల పిల్లలు.

చట్టం లేక కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఉంది: వీలైనచోటల్లా ప్రయోగం మానుకోవాలి, పుస్తకాలతోనో నమూనాలతోనో చెప్పగలిగిన పాఠానికి జంతువుని వాడకూడదు, కేవలం చేయి తిరగడం కోసం చేయకూడదు. కేంద్రం వేసిన కమిటీ ఉంది, ప్రతి కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంది, ఎన్ని జంతువులు ఎందుకు కావాలో చెప్పడానికి ఫారం బి ఉంది. మా దగ్గర ఆ ఫారాలు ఒక్క మధ్యాహ్నంలో పదులకొద్దీ టీ బిస్కెట్ల మధ్య పాసైపోయేవి. ఈ ఆకు ఇంతకుముందు ఎవరైనా చూశారా అని అడిగితే నన్ను పిల్లల భవిష్యత్తుకి అడ్డుపడేవాడిలా చూసేవారు. నా ఉద్దేశంలో ఫారం మీద సంతకం పెట్టిన ప్రతి గైడూ మొదటి ఎలుకని తన చేత్తో పట్టుకుని పొడవాలి, చివరి ఎలుకని తన చేత్తో చంపాలి. ఆ ఒక్క నియమం పెడితే సగం థీసిస్‌లు ఆగిపోతాయి.

ఈ మాట ఎక్కడన్నా కొందరు వెంటనే చికెన్ సంగతి ఎత్తుతారు. కోడిని తిన్నవాడికి కడుపైనా నిండుతుంది. అల్మారాలో దుమ్ము పట్టే థీసిస్ కోసం చచ్చిన ఎలుక వల్ల ఎవరికేం ఒరిగింది? ఇంకొందరు జంతువుల మీద పరీక్షించలేదని రాసి ఉన్న సబ్బు ఎక్కువ ధర పెట్టి కొని, తమ వంతు అయిపోయిందనుకుంటారు. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014 నుంచే నిషేధం, అలా పరీక్షించినవి దిగుమతి చేయడం కూడా. ఆ లేబుల్‌కి డబ్బు పెట్టే బదులు మీ ఊరి ఫార్మసీ కాలేజీలో ఏం జరుగుతోందో అడగండి.

మీ అమ్మాయిని ఫార్మకాలజీ మానుకోమని నేను చెప్పను. ఇలా బాధపడే పిల్లలే ఆ రంగంలోకి రావాలి. ప్రాక్టికల్స్ నేర్చుకోవడానికి పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్య సంస్థ వాళ్లు చేసిన ఎక్స్‌ఫార్మ్ ఉంది, జంతువు లేకుండా కంప్యూటర్ మీదే ప్రయోగం చూపించే సాఫ్ట్‌వేర్ అది. కొత్త మందుల నిబంధనల్లో 2023లో మార్పు తెచ్చి కణాల మీద, అవయవాల పనితీరుని అనుకరించే చిప్‌ల మీద చేసే పరీక్షలకూ చోటిచ్చారు కాబట్టి సెల్ కల్చర్, అంటే ల్యాబులో కణాలు పెంచడం, నేర్చుకుంటే రేపు ఉద్యోగానికి కూడా పనికొస్తుంది. గైడ్‌ని ఎంచుకునే ముందు ఆదివారం సాయంత్రం ఒకసారి యానిమల్ హౌస్‌కి వెళ్లి రమ్మనండి. షుగర్ ఎలుకలు విపరీతంగా నీళ్లు తాగి మూత్రం పోస్తాయి, వాటి పొట్టు రోజూ మార్చాలి. పొట్టు పొడిగా, సీసాలు నిండుగా ఉన్నాయో లేదో చూడమనండి. చచ్చినవాటిని రాసే రిజిస్టర్ చూపించమని అటెండర్‌ని అడగమనండి. అందులో చావులే లేకపోతే ఆ గైడ్ దగ్గర చేరవద్దని చెప్పండి.