ఇంట్లోవాళ్ళకి కుట్టి ఇచ్చే అమ్మాయి, దాన్నే చదువుతానంటే?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి, సైన్స్. మార్కులు బాగానే వస్తాయి. చిన్నప్పటి నుంచీ కుట్లు, అల్లికలంటే ప్రాణం. ఇంట్లో ఎవరి పుట్టినరోజొచ్చినా బయట కొననివ్వదు, తనే ఏదో ఒకటి చేసి ఇస్తుంది. వాళ్ళ తాతయ్య పాత చొక్కాలు కత్తిరించి బొంత కుట్టింది. తమ్ముడికి క్రోషేతో కార్టూన్ బొమ్మ చేసింది. నానమ్మకి వేళ్ళ నొప్పులు, గుండీలు పెట్టుకోలేదని స్వెటర్‌కి అయస్కాంతం గుండీలు పెట్టింది. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, టెక్స్‌టైల్స్ చదువుతానంటోంది. చుట్టాలు "కుట్టుపనికి డిగ్రీ ఎందుకు?" అంటున్నారు. ఫ్రెండ్సేమో "చదువెందుకు, ఆన్‌లైన్లో అమ్మేయ్" అంటున్నారట. మాకు టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా? పరీక్షలయ్యేదాకా ఈ పనులన్నీ ఆపించమంటారా? – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో అయస్కాంతం గుండీల మాట దగ్గర ఆగి, దాన్ని రెండోసారి చదివాను. బొంతలు, బొమ్మలు చేసే పిల్లలు నా దగ్గరికి చాలామందే వస్తారు. చేతిలో పనితనం ఉంటుంది, ఓపికుంటుంది. కానీ నానమ్మ గుండీ దగ్గర తడబడటం గమనించి, ఆ ఇబ్బందికి స్వెటర్‌లోనే దారి వెతికిన పిల్లలు తక్కువ. డిజైన్ చదువుల్లో మొదటి ఏడాది మాస్టార్లు తల బాదుకుని నేర్పేది ఇదే: ముందు వాడే మనిషిని చూడు, ఆ తర్వాత పెన్సిల్ పట్టు. మీ అమ్మాయికి అది ఇంట్లోనే అబ్బింది.

అదే స్వెటర్‌లో ఇంకో విషయం కూడా ఉంది. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు అయస్కాంతాల్ని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని ఆ పరికరాలు తయారుచేసేవాళ్ళు చెప్తారు. స్వెటర్ ముందు కుట్టిన గుండీ సరిగ్గా ఛాతీ మీదికే వస్తుంది. మీ అమ్మగారికి పేస్‌మేకర్ లేకపోతే గొడవ లేదు. ఒకవేళ ఉంటే మాత్రం ఈ జవాబు చదవడం ఆపి ముందు ఆ గుండీలు తీయించండి. ఇంట్లోవాళ్ళ ఒంటి సంగతి మనకి తెలుసు. అదే స్వెటర్‌ని ముక్కూమొహం తెలియని మనిషికి అమ్మితే? కొనేవాళ్ళకి హెచ్చరిక రాయాలి, గుండీ బదులు వెల్క్రో పెట్టాలా, పెద్ద కొక్కెం పెట్టాలా అని ఆలోచించాలి. తమ్ముడి బొమ్మ కూడా అంతే. మూడేళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మకి పూస కళ్ళు, గుండీ కళ్ళు పెట్టకూడదు. ఊడొస్తే గొంతుకి అడ్డం పడతాయి. అందుకే కళ్ళని దారంతోనే ఎంబ్రాయిడరీ చేస్తారు. కుట్టుపనికి డిగ్రీ ఎందుకు అన్న చుట్టాలకీ, చదువెందుకు అమ్మేయ్ అన్న ఫ్రెండ్స్‌కీ ఇదొక్కటే జవాబు. తెలిసిన మనిషికి చెయ్యడం ఆమెకి వచ్చు. తెలియని మనిషికి చెయ్యడం నేర్చుకోవాలి, చదువు అందుకే.

టెక్స్‌టైల్స్ అన్నది ఒక్క ఉద్యోగం పేరు కాదండీ. అందులో ఎటు వెళ్ళాలో తేలాలంటే ఆమె పని చేసుకునేటప్పుడు పక్కన కూర్చుని కాసేపు చూడండి, ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోతోందో. బొంత కుట్టేటప్పుడు చొక్కా ముక్కల్ని నేల మీద పరిచి, ఈ గీతల ముక్క ఆ నీలం పక్కన బాగుందా లేదా అని పూటంతా మారుస్తూ కూర్చుందా? అయితే ప్రింట్, సర్ఫేస్ డిజైన్, అంటే బట్ట మీద రంగులు, నమూనాలు కూర్చే పని ఆమెకి నచ్చుతుంది. రంగుల సంగతి పక్కనపెట్టి, దారం ఎలా మెలితిరిగితే అల్లిక సాగుతోంది, ఎలా లాగితే బిగుసుకుంటోంది అని విప్పి మళ్ళీ మళ్ళీ అల్లుతోందా? అది నేత, నిట్‌వేర్ (అల్లిక దుస్తులు) వైపు నడిచే బుర్ర. ఒంటికి సరిగ్గా పట్టిందా అన్నదే ఆమె బాధైతే ప్యాటర్న్ మేకింగ్, అంటే కొలతల్ని బట్టి కత్తిరింపు నమూనాలు గీసే పని ఉంది. ఆసుపత్రుల్లో, వృద్ధుల కోసం, అంగవైకల్యం ఉన్నవాళ్ళ కోసం తేలిగ్గా తొడుక్కునే దుస్తులు తయారుచేసే రంగం కూడా ఉంది. మీ అమ్మగారి స్వెటర్ ఆ కోవలోదే. పాతబట్టల మీద ప్రేమైతే మ్యూజియాల్లో టెక్స్‌టైల్ కన్జర్వేషన్, అంటే పాతకాలపు బట్టలు పాడవకుండా కాపాడే పని. అందులో సూది ఎంతో కెమిస్ట్రీ అంత, పైగా పీజీ దాకా చదవక తప్పదు.

ఆమెకి బట్టకంటే మనుషులే ముఖ్యమనిపిస్తే ఆక్యుపేషనల్ థెరపీ గురించి కూడా ఒకసారి చదవమనండి. జబ్బు చేసి లేచినవాళ్ళకి, చెయ్యి సరిగా పనిచేయనివాళ్ళకి రోజువారీ పనులు మళ్ళీ చేతనయ్యేలా చేసే వృత్తి అది. దాని తొలి రోజుల్లో అల్లికలు, నేత, ఎంబ్రాయిడరీ వైద్యంలో భాగంగా ఉండేవి. ఈ దారి గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను ప్రత్యేకంగా చెప్తున్నాను.

సైన్స్ చదివి కుట్టుపనికి వెళ్తే చదువంతా గంగలో పోసినట్టే అని మీ మనసులో ఉందేమో. మైకేల్ డిబేకీ అనే అమెరికన్ గుండె సర్జన్ ఉండేవాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. పాడైన రక్తనాళం స్థానంలో పెట్టడానికి గొట్టం కావాలని 1950ల తొలినాళ్ళలో ఆయన బట్టల దుకాణానికి వెళ్ళాడు. నైలాన్ అయిపోయిందంటే డాక్రాన్ అనే పాలియెస్టర్ గుడ్డ కొనుక్కొచ్చి, భార్య కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టాడు. పాలియెస్టర్‌తో నేసిన, అల్లిన రక్తనాళాలు ఇప్పటికీ ఆపరేషన్లలో వాడుతున్నారు. అందుకని మీ అమ్మాయి కెమిస్ట్రీ, లెక్కలు వదిలేయకూడదు. టెక్స్‌టైల్ టెక్నాలజీ కోర్సులకి అవి కావాలి, డిజైన్ కోర్సులో చేరినా అవి అడుగడుగునా అక్కరకొస్తాయి. పత్తికి పట్టే రంగు పాలియెస్టర్‌కి ఎందుకు పట్టదు, ఉన్ని వేడినీళ్ళలో నలిగితే ఎందుకు గట్టిపడి కుంచించుకుపోతుంది అన్నవి కెమిస్ట్రీ ప్రశ్నలే. ఇంజనీరింగా, టెక్స్‌టైల్సా అని మీరింట్లో గొడవపడుతున్నారు కానీ, టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ అని కూడా ఒకటుంది కదా. ఆ ప్రవేశ పరీక్షా, డిజైన్ ప్రవేశ పరీక్షా రెండూ రాయించండి.

ఇంట్లోవాళ్ళకి చేసిన బహుమతి నుంచి వృత్తి పుట్టిన సందర్భాలు లేకపోలేదు. సోనియా డెలోనే అనే చిత్రకారిణి 1911లో తన పసిబిడ్డ కోసం గుడ్డముక్కలు కలిపి బొంత కుట్టింది. ఆ ముక్కల అమరికే ఆమె చిత్రాల దారి మార్చింది. తర్వాత ఆమె బట్టల డిజైన్‌లో పెద్ద పేరు తెచ్చుకుంది, 1964లో లూవ్ర్ మ్యూజియం ఆమె జీవితకాలంలోనే ఆమె పనులతో ప్రదర్శన పెట్టింది. ఈ కథ చెప్తే పిల్లల కళ్ళు మెరుస్తాయి. అయితే ఆమె ఆ బొంత కుట్టేనాటికే జర్మనీలో, పారిస్‌లో చిత్రకళ నేర్చుకుని ఉందన్న సంగతి కూడా చెప్పాలి. బొంత ఆమెకి ఒక తలుపు తెరిచింది, నిజమే. లోపలికి నడిచే కాళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పుడు మెచ్చుకోళ్ళ సంగతి. ఇంట్లో ఎవరూ "బాగాలేదమ్మా" అనరు. అనకూడదు కూడా. కాబట్టి మీరందరూ మెచ్చుకున్నారన్నది కోర్సు ఎంచుకోవడానికి పనికొచ్చే ఆధారం కాదు. కానీ ఇంట్లోవాళ్ళ దగ్గర ఇంకో మంచి ఆధారం దొరుకుతుంది. ఇచ్చిన వస్తువు ఆరు నెలల తర్వాత ఎలా ఉందో చూడొచ్చు. బయట కొన్నవాళ్ళు దాన్నేం చేశారో తయారుచేసినవాళ్ళకి చాలావరకు తెలియదు. మీ అమ్మాయిని తను ఇచ్చినవన్నీ ఒకసారి వెతికి బయటికి తీయమనండి. ఏది బీరువాలో మడత నలగకుండా ఉంది? ఏది వాడి వాడి వెలిసిపోయింది? చొక్కాల బొంతలో ఏ ముక్క అంచు ముందు పీలికలైంది? "బాగుందా నానమ్మా?" అని అడగొద్దు. "చలేసినా వేసుకోని రోజుందా? ఎందుకు వేసుకోలేదు?" అని అడగాలి. అయస్కాంతం బరువుకి ముందుభాగం వేలాడుతోందనో, ఉతికితే గుండీ తుప్పు మరకలు పడుతున్నాయనో అప్పుడు బయటికొస్తుంది. ఆ మాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. డిజైన్ కాలేజీ ఇంటర్వ్యూల్లో అందంగా తీసిన ఫోటోలు అందరూ తెస్తారు. మొదట ఏం తప్పింది, ఎలా మార్చాను అని చూపించగలిగినవాళ్ళ దగ్గరే ప్యానెల్ ఆగుతుంది. బహుమతులన్నీ ఇచ్చేస్తుంది కాబట్టి, ప్రతిదానికీ చిన్న నమూనా ముక్క ఒకటి తన దగ్గర ఉంచుకోమనండి. పక్కన ఏ దారం, ఎన్నో నంబరు సూది, ఎన్ని గంటలు అని రాసి అంటించాలి.

ఇక అసలు పరీక్ష. పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో, తనకి పరిచయం లేని మనిషి కోసం ఒక స్వెటర్ అల్లమనండి. మీ స్నేహితుల ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా సరే. కొలతలు కాగితం మీద ఇవ్వండి, రంగు వాళ్ళే చెప్తారు, తేదీ మీరు పెట్టండి. మొదలుపెట్టే ముందు 10 సెంటీమీటర్ల చదరం ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అందులో స్టిచ్‌లు లెక్కపెట్టాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. 10 సెంటీమీటర్లకి 20 స్టిచ్‌లు వస్తాయనుకుని, మీటరు చుట్టుకొలత కోసం 200 స్టిచ్‌లు ఎక్కించారనుకోండి. చెయ్యి కాస్త బిగుతుగా నడిచి 22 వస్తే ఆ స్వెటర్ చుట్టుకొలత 91 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండు స్టిచ్‌ల తేడాకి స్వెటర్ ఒంటికి ఎక్కదు. ఇంట్లోవాళ్ళయితే "బిగుతుగా ఉంటే వెచ్చగా ఉంటుందిలే" అని సర్దుకుంటారు, బయటివాళ్ళు తిప్పి పంపిస్తారు. అలాగే ముదురు రంగు దారం పక్కన తెలుపు వాడబోతుంటే, ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. ఫ్యాక్టరీల్లో దీనికి 1 నుంచి 5 దాకా గ్రేడులిస్తారు, ఇంట్లో గుడ్డకి రంగు అంటిందా లేదా అన్నది చాలు.

మొదటిది సరిగ్గా వస్తే అదే స్వెటర్ ఇంకో సైజులో, ఆ తర్వాత ఇంకోటి చేయించండి. మూడోదానికి విసుగొచ్చి పక్కన పడేస్తే తప్పేం లేదు. ఆమెకి కొత్తది ఆలోచించడం ఇష్టం, తయారీ కాదు అని అర్థం. డిజైన్ వైపు వెళ్ళొచ్చు, సొంతంగా వర్క్‌షాప్ పెట్టే ఆలోచన మాత్రం మానుకోవాలి. మూడోది రెండోదానికంటే తక్కువ టైంలో, నీటుగా వచ్చి, అందుకు సంబరపడితే ఆమెలో తయారీదారు ఉందన్నమాట.

ఆన్‌లైన్ అమ్మకం గురించి క్లుప్తంగా చెప్తాను. ఇప్పుడే వద్దు. క్రోషే బొమ్మకి దారం ఖర్చు మాత్రం లెక్కేసి ధర పెట్టే పిల్లలే ఎక్కువ, తమ గంటల్ని లెక్కలో వేసుకోరు. గంటలు కూడా కలిపితే ఆ ధరకి కొనేవాళ్ళు తగ్గిపోతారు. స్వెటర్లు మెషీన్లు అల్లేస్తున్నాయి, క్రోషే ఇంకా చేతిపనే, అయినా ఆ చేతికి దక్కేది తక్కువే. పైగా కార్టూన్ బొమ్మలు తమ్ముడికి చేసిస్తే ముచ్చట, అమ్మకానికి పెడితే ఆ పాత్ర హక్కులున్న కంపెనీ అనుమతి కావాలి. నెట్‌లో కొన్న ప్యాటర్న్‌లు, అంటే ఎలా అల్లాలో వరసగా రాసిచ్చే సూచనలు కూడా చాలావరకు సొంత వాడకానికే అని షరతు పెట్టి ఇస్తారు. ఇవన్నీ తెలిశాక అమ్మితే మంచిదే.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు బ్రోచర్ పక్కనపెట్టి మగ్గాలు ఎన్ని, నిట్టింగ్ మెషీన్లు పనిచేస్తున్నాయా, డైయింగ్ ల్యాబ్‌లో విద్యార్థులు వారానికి ఎన్ని గంటలుంటారు అని అడగండి. మగ్గం మీద దుమ్ముంటే సంగతి అర్థమైపోతుంది. ఫ్యాషన్ డిజైన్, టెక్స్‌టైల్ డిజైన్ ఒకటే అనుకుని చేరి తర్వాత బాధపడేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. మొదటిదాంట్లో దుస్తులు ప్రధానం, రెండోదాంట్లో బట్ట. సిలబస్ తీసి ఆమెతోనే చదివించండి.

చివరిగా, పరీక్షల ముందు ఆపించాలా అన్నారు. పూర్తిగా ఆపించొద్దు. పెద్ద పనులు, అంటే బొంతలు, స్వెటర్లు కట్టి అటక మీద పెట్టేయండి. అవి మొదలైతే రాత్రి పన్నెండైనా వదలరు. అరచేతిలో పట్టే ఎంబ్రాయిడరీ ఫ్రేమ్ ఒకటి రోజుకి అరగంట ఉండనివ్వండి. చదివి చదివి ఉన్న కళ్ళకి సన్నకుట్టు భారమే, కాబట్టి మంచి వెలుతురులో కూర్చోమనండి. మణికట్టు నొప్పి పుడుతోందంటే ఆ రోజుకి ఆపేయాలి.

సెలవుల్లో ఆ స్వెటర్లు అయ్యాక గంటలు, ఖర్చు, వేసుకున్నవాళ్ళు చెప్పిన మాటలు ఒక కాగితం మీద రాసి పంపండి. ఉత్తరం ఈసారి మీ అమ్మాయితో రాయించండి. ఏ కోర్సులో చేరాలన్నది అప్పుడు మాట్లాడుకుందాం.