లాక్‌డౌన్ మళ్ళీ వస్తే బాగుండు అన్నాను

"మాది అనంతపురం. నాకు 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆయనకు బెంగళూరులో అకౌంట్స్ ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం రైలెక్కుతారు. ఆదివారం తొమ్మిదికి లేస్తారు, నేను ఇంటి ఖర్చులు చెబితే ఫోన్ తీస్తారు. 2020లో ఉగాదికని వచ్చి లాక్‌డౌన్‌లో చిక్కుకుని పది నెలలు ఇంట్లోనే ఉన్నారు. కొన్నాళ్ళు సగం జీతమే. అయినా పెళ్ళయినాక నేను సంతోషంగా ఉన్నది ఆ పది నెలలే. ఇంటి లోను కంతుల బాధ కూడా లేకపోయింది. సాయంత్రమైతే ఇద్దరం మిద్దె మీద కూర్చుని, మా నాయన పంపిన విత్తనం చెనక్కాయలు ఒలిచేవాళ్ళం. ఆయన తన చిన్నతనం సంగతులు అప్పుడే చెప్పినారు. ఉద్యోగం మానేసి ఇక్కడికే వచ్చేయమని పోరు పెట్టాలని ఉంది. మొన్న పక్కింటి అక్కతో మాట్లాడతా 'మళ్ళీ లాక్‌డౌన్ వస్తే బాగుండు' అనేసినాను. వాళ్ళాయన 2021 మేలో కరోనాతోనే పోయినారు. అప్పుడు భయమై గేటు బయటినుంచే పలకరించినాను. అక్క ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయింది. నెలయింది, మా గడప తొక్కలేదు. ఆయనకు చెబితే 'నీకు పిచ్చా' అని నవ్వినారు. నేను అంత చెడ్డదాన్నా?"

అమ్మా,

చెడ్డవాళ్ళకు ఇంత దిగులు ఉండదు. మీరు నోరు జారారు, అంతే. కానీ ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా క్షమాపణ మాత్రం చెప్పేస్తే, పైకి సర్దుకున్నట్టుంటుందే కానీ మీ దిగులు తీరదు.

ఆ ఏడాది ఉగాది మార్చి 25. లాక్‌డౌన్ మొదటి రోజు కూడా అదే. ఓళిగలు తిని వెళ్ళిపోదామని వచ్చిన మనిషి మీకు పది నెలలు దక్కాడు. అదే రోజుల్లో సలహా కోసం నాకొచ్చిన ఫోన్లు వేరేగా ఉండేవి. స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున గుసగుసగా మాట్లాడిన ఆడవాళ్ళున్నారు. తాగి కొట్టే మొగుడితో ఇరవైనాలుగు గంటలూ ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు వాళ్ళు. మీ ఇంట్లో పండగైనదే వాళ్ళింట్లో జైలు. అందుకే మీ సంతోషానికి లాక్‌డౌన్ అని పేరు పెట్టకండి. దాని పేరు వేరే.

నా సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ కడపలో ఒంటరిగా ఉండేది. రోజూ ఫోన్ చేసేదాన్ని. "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" తర్వాత మా ఇద్దరికీ మాటలుండేవి కావు. లాక్‌డౌన్ మూడో వారంలో ఒక రోజు, నాకు ఫోన్ పెట్టేసి పరుగెత్తాల్సిన పనేదీ లేక ఊరికే పట్టుకుని కూర్చున్నాను. అటు వైపు కూడా చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత అమ్మ, నాకు ముందు పుట్టి చనిపోయిన బిడ్డ గురించి చెప్పింది. నలభై ఏళ్ళుగా నాకు తెలియని సంగతి. నేనేమో రోజంతా ఇతరుల కష్టాలు వినే వృత్తిలో ఉన్నాను!

మీ మిద్దె మీద జరిగింది కూడా అదే. చేతుల్లో కాయలు, చుట్టూ పొట్టు, లేచి వెళ్ళే తొందర లేదు. ఆయన తన చిన్నతనం సంగతులు అప్పుడే చెప్పారని రాశారు కదా. ఎదురెదురుగా కూర్చోబెట్టి "మాట్లాడు" అంటే మగవాళ్ళు బిగుసుకుపోతారు. చేతికి పనిచ్చి పక్కన కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

ఇప్పుడు ఆదివారం ఎలా గడుస్తోందో మీరే రాశారు. ఆయన తొమ్మిదికి లేస్తారు. ఉగ్గాని ప్లేటు ముందు పెట్టి మీరు గ్యాసు, ఫీజులు, అత్తగారి మందుల చిట్టా విప్పుతారు. ఆయన ఫోన్ తీస్తారు. తప్పు ఇద్దరిదీ. ఆ చిట్టా బుధవారం రాత్రి ఫోన్లో తేల్చేయండి. ఆదివారం సాయంత్రం రైలుకు ముందు ఒక గంట మిద్దె మీద కూర్చుందాం అని అడగండి. "మీకు మేమంటే పట్టదు" అని మొదలుపెట్టకండి, "ఆ చెనక్కాయల సాయంత్రాలు నాకు కావాలి" అనండి. నిజంగానే కిలో కాయలు తెచ్చి ముందు పోయండి.

ఉద్యోగం మానేసి అనంతపురం వచ్చేయమని పోరు పెట్టాలని ఉందన్నారు. దానికి ముందు ఒక లెక్క చూసుకోండి. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వు బ్యాంకు కంతులు వాయిదా వేసుకోనిచ్చింది కానీ, అసలు మీద వడ్డీ నడుస్తూనే ఉంది. మీ లోను గడువు ఎన్ని నెలలు పెరిగిందో బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడుతుంది. ఆ నిశ్చింతలో కొంత అప్పు చేసి తెచ్చుకున్నదే.

ఇక అక్క సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "అప్పుడు భయమై గేటు బయటినుంచే పలకరించినాను." 2021 మేలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. శవం దగ్గరకూ మనుషులు పోలేదు, పలకరింపులకూ పోలేదు. అందరం అలాగే చేశాం. కానీ తర్వాత ఆ గేటు దాటి లోపలికి ఎవరు వెళ్ళారు? మీ మాట కంటే ఆమెకు ఇదే ఎక్కువ గుచ్చుకుని ఉండొచ్చు.

కాబట్టి ఫోన్ చేయకండి, మెసేజ్ అసలే వద్దు. పిల్లల్ని తీసుకుపోకుండా, ఆమెకు వంట పని లేని వేళ చూసి వెళ్ళండి. "ఆ పొద్దు నోరు జారినాను అక్కా" అని ఒక్క మాట చాలు, మీ పది నెలల కథ చెప్పి సమర్థించుకోవద్దు. తర్వాత అన్న గురించి అడగండి. ఆయనకేం ఇష్టం, ఆఖరి రోజుల్లో ఏం మాట్లాడారు అని. చనిపోయినవాళ్ళ పేరెత్తితే ఏడుస్తారని మనం దాటేస్తాం. ఏడవనివ్వండి. కోప్పడితే పడండి. మీ ఇద్దరిలో ఎవరికైనా రాత్రిళ్ళు నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ శనివారం మీరొక్కరే వెళ్ళి రండి. ఆదివారం మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళండి. అక్క భర్త పోయినప్పుడు ఆయన బెంగళూరులో ఉండిపోయారు, ఆయన పలకరింపూ బాకీ ఉంది.